పదికి పది వేసుకున్న రోజు

మా చుట్టాలు నా జబ్బు కథ ఒక తీరుగా చెప్తారు. "సరోజకు ఎంత ధైర్యమో! ఆ ధైర్యంతోనే లేచి కూసున్నది." పెళ్లిళ్లలో పక్క కుర్చీలో నేనుండగానే చెప్తారు. అది నిజం కాదు. నన్ను రెండోసారి దవాఖాన మంచం ఎక్కించింది ఆ ధైర్యమే. అందుకే నా మాట నేనే రాస్తున్నాను.

హనుమకొండలో మాది చీరల దుకాణం. నాలుగేళ్ల కింద ఒక మంగళవారం పొద్దున, గిరాకీకి చీర మడత విప్పుతూ విప్పుతూ వదిలేసి పరుగెత్తాను. వెనక గల్లీలో నాలుగు దుకాణాలకు కలిపి బాత్రూం ఒక్కటే, దానికీ లోపల గొళ్ళెం పడదు. ఆ రోజు రక్తం చూశాను. మొలలనుకున్నాను. ఇంట్లో మాత్రం గ్యాస్ అని చెప్పాను. గ్యాస్ అంటే ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు.

మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను. "మంచిగ సన్నవడ్డవ్ వదినె, డైటింగా?" అని మా ఆడబిడ్డ విజయ మెచ్చుకుంది. రోజుకు పన్నెండుసార్లు పోతే ఎవరైనా సన్నబడతారు.

కొలొనోస్కోపీ, బయాప్సీ అయ్యాక డాక్టర్ చెప్పాడు: "అల్సరేటివ్ కొలైటిస్ అమ్మా. పెద్దపేగు లోపల పుండ్లు. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవచ్చు. బాగున్నా సరే, మందులు ఆపొద్దు."

వారం రోజులు దవాఖానలో ఉన్నాను. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బింది, రక్తం ఆగింది. తర్వాత రోజూ వేసుకోవాల్సిన మెసలమిన్ గోలీలు మిగిలాయి. "రక్తం పోతలేనప్పుడు గోలీలెందుకు వదినె? ఒంటికి వేడి" అంది విజయ. కూరలో ఉప్పు ఎక్కువైందన్నా ఆమెతో వాదించేదాన్ని, ఆ మాటకు మాత్రం వాదించలేదు. నాకూ అదే కావాలి కాబట్టి. ఆపేశాను.

అటు తర్వాత చెకప్‌కు పోతే కౌన్సెలర్ అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. ఫలానా పని చేయగలనన్న నమ్మకం మీకెంత, సున్నా నుంచి పది దాకా వేయాలి. దాన్ని సెల్ఫ్ ఎఫికసీ అంటారట. ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క విజయ, ఇద్దరూ కాగితంలోకే తొంగి చూస్తున్నారు. బాగున్నప్పుడు కూడా మందులు మానకుండా వేసుకోగలరా? పది. జబ్బు తిరగబెడుతుంటే గుర్తుపట్టగలరా? పది. భయం లేకుండా జనంలోకి పోగలరా? పది.

"డిగ్రీల గూడ ఇన్ని మార్కులు రాలేదు గదనే నీకు!" అన్నాడు మా ఆయన.

"మీరు డిగ్రీ దాకా వస్తే గద తెలిసేది" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

బతుకమ్మ గిరాకీ మొదలైంది. రక్తం కూడా మొదలైంది. రెండు వారాలు దాచాను. సద్దుల బతుకమ్మ నాడు మూడో చుట్టులో చప్పట్లు ఆపి బయటికొచ్చాను. ఇల్లు చేరేలోపే చీర పాడైంది. తెల్లారి అడ్మిట్ చేశారు.

డాక్టర్ ఫైల్ తిప్పాడు. "మందులకు పదికి పది వేశారు. అయినా ఫ్లేర్ వచ్చిందంటే, అంటే జబ్బు తిరగబెట్టిందంటే, ఈ మందు మీకు పనిచేయట్లేదు. ఇంకా బలమైన ఇంజెక్షన్లు మొదలుపెడదాం. అవి ఇమ్యూనిటీని తగ్గిస్తాయి, ముందు టీబీ టెస్ట్ చేయాలి." రాయడం మొదలుపెట్టాడు. నేను ఆ పెన్ను వంకే చూశాను.

"ఆగండి సార్. ఆ పది అబద్ధం. గోలీలు ఆపి మూడు నెలలైంది."

"మరి పది ఎందుకేసినవే?" అన్నాడు విజయ పక్కన నిలబడ్డ మా ఆయన.

"మీరిద్దరు చెరో పక్క కూసుంటే మూడేస్తనా?"

డాక్టర్ తిట్టలేదు. పెన్ను మూత పెట్టాడు. "మూడు వేసుంటే ఆ రోజే మాట్లాడుకునేవాళ్లం అమ్మా" అన్నాడు.

వాళ్లిద్దరినీ బయటికి పంపి మళ్లీ నింపాను. మందులకు మూడు. గుర్తుపట్టడానికి నాలుగు. జనంలోకి పోవడానికి ఒకటి. కౌన్సెలర్ ఆ మూడు దగ్గర ఆగి, "ఏ పూట తప్పుతుంది మేడం?" అని అడిగింది. ఆపక ముందు కూడా పొద్దుటి గోలీ దుకాణం తెరిచే హడావిడిలో తప్పేది. ఇప్పుడు గోలీల డబ్బా దుకాణంలోనే, అగరుబత్తుల పక్కన ఉంది. దీపం పెట్టకుండా మేము గల్లా తెరవం. కాబట్టి గోలీ కూడా తప్పదు.

స్టెరాయిడ్లు మళ్లీ వాడాల్సి వచ్చింది. తర్వాత పాత గోలీలే పనిచేశాయి. ఇంజెక్షన్ల దాకా పోలేదు, ఇప్పటివరకు. రెండేళ్లుగా ఫ్లేర్ లేదు. మందుల మార్కు తొమ్మిది. పది వేసే అలవాటు పోయింది.

మీకూ ఎవరైనా అలాంటి కాగితం ఇస్తే, వెంట వచ్చినవాళ్లను చాయ్ తాగి రమ్మని పంపి నింపండి. పోయిన వారం ఏం చేశారో గుర్తు చేసుకుని వేయండి. చేయాలనుకున్నది వేయకండి.

జనంలోకి పోవడం మాత్రం రెండు దగ్గరే ఆగింది. "ఇదొక్కటే పెరగట్లేదు మేడం, కాన్ఫిడెన్స్ పెంచుకోవాలి" అంది కౌన్సెలర్ మొన్న.

"మా బజారు చూసినవా బిడ్డా? ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆడోళ్లు పోయే బాత్రూం, లోపల గొళ్ళెం పడేది, ఒక్కటి చూపియ్. ఇప్పుడే పది వేస్తా."

ఆ అమ్మాయి నవ్వి, రెండే రాసుకుంది. ఆ రెండు నాకు పడ్డ మార్కా, మా బజారుకు పడ్డ మార్కా?