రాని పిల్లల కోసం కుప్పం దాకా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక శనివారం ఉదయం ఆరింటికి మదనపల్లెలో కుప్పం బస్సెక్కాను. అప్పుడు నేను మదనపల్లె డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుండేవాణ్ణి. జూన్‌లో కిటకిటలాడే మొదటి సంవత్సరం క్లాసు దసరా సెలవులయ్యేసరికి సగం ఖాళీ అయ్యేది. "కుప్పంలో ఒక కాలేజీలో పిల్లలు మానుకునేది బాగా తగ్గిందంట. పోయి సూసి రాప్పా" అని మా ప్రిన్సిపాల్ పంపించారు. పిల్లలకే శ్రద్ధ లేదని నా గట్టి నమ్మకం. అయినా బయల్దేరాను.

ఏడుంబావుకు పుంగనూరు. టిఫిన్‌కు ఆపితే వేడివేడి ఇడ్లీ తిన్నాను. అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని "యాడికప్పా?" అంది. పని చెప్పాను.

"దానికి కుప్పం పోవాల్నా? మానుకున్నోళ్లను అడిగితే సాలదా?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

పదకొండు లోపే కుప్పం చేరాను. అక్కడి లెక్చరర్ మునిరత్నం గారు స్టాఫ్ రూములో కూర్చోబెట్టి పోస్టుకార్డుల కట్ట చూపించారు. వరసగా మూడురోజులు రాని ప్రతి విద్యార్థి ఇంటికీ ఒక కార్డు పోతుంది. అందులో బెదిరింపు ఉండదు. 'బాగుండావా? ఏం ఇబ్బంది ఉన్నా చెప్పు' అని రెండు ముక్కలే. జవాబు రాకపోతే ఆదివారం ఆయనే సైకిలేసుకుని పోతారు. తిరిగొచ్చినవాళ్లకు పోయిన పాఠాలు సాయంత్రాలు సీనియర్లు చెబుతారు.

"ఇంటికి పోయినాక మనం మాట్లాడగూడదు సార్. వాళ్లు చెప్పేది వినాల. అదే కష్టం" అన్నారు.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టారు. కార్డు ఎలా రాయాలో నాలుగు నమూనాలు తన చేత్తో రాసిచ్చారు.

రెండింటికి పలమనేరు దాకా తిరుగు బస్సు దొరికింది. పలమనేరులో మదనపల్లె బస్సు సిద్ధంగా ఉన్నా ఎక్కలేదు. నా క్లాసు పిల్ల రెడ్డెమ్మది పెద్దపంజాణి దగ్గర పల్లె. నెలరోజులుగా రావడం లేదు. పెద్దపంజాణి దాకా వేరే బస్సులో పోయి, అడుగుతూ అడుగుతూ ఐదింటికి వాళ్ల ఇల్లు పట్టుకున్నాను.

"సారొచ్చినాడు పాపా!" అని వాళ్లమ్మ కేకేసింది. రెడ్డెమ్మ బయటికొచ్చి తల వంచుకుని నిలబడింది. "యాల రావడంలేదమ్మా?" అన్నాను. మునిరత్నం గారి మాట గుర్తొచ్చి, ఇంకేమీ అడగకుండా అరుగు మీద కూర్చున్నాను.

"రెండు బస్సులు మారాల సార్. పుంగనూరులో రెండోది తప్పితే ఫస్ట్ అవర్ పోతాది. నాలుగుసార్లు మీరు తలుపు బయటే నిలబెట్టినారు. అందరూ సూసి నగినారు."

నాకు తలెత్త బుద్ధి కాలేదు. "తప్పు నాదేనమ్మా" అన్నాను.

"మళ్లీ లేటయితే సార్?"

"నేరుగా లోపలికొచ్చి కూర్చో. పోయిన పాఠం సాయంత్రం నేనే చెబుతా."

రెడ్డెమ్మ వాళ్లమ్మ వైపు చూసింది. ఆమె నా చేతికి గ్లాసుడు మజ్జిగిచ్చి, "సోమారం పంపిస్తా సార్" అంది.

ఆరున్నరకు బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని మునిరత్నం గారిని తలుచుకున్నాను. నా తప్పు నా ముఖానే చెప్పిన ఆ పిల్లనైతే మదనపల్లె దాకా తలుచుకుంటూనే ఉన్నాను. ఇద్దరికీ ఋణపడ్డాను. నాలాగే పాఠాలు చెప్పేవాళ్లు ఎవరైనా ఈ దారిన పోతే ఒక్క మాట: పొద్దున బస్సయితే కుప్పం పనికి సరిపోతుంది. వచ్చేటప్పుడు మాత్రం రెండు గంటలు ఎక్కువ పెట్టుకోండి. మీ క్లాసుకు రాకుండా పోయిన పిల్ల ఊరొకటి దారిలోనే ఉంటుంది.