నాలుగంగుళాలు పెరిగిన గుమ్మం

మెడలో ఖరీదైన కెమెరా వేలాడుతుంటే (ఆఫీసుదే అనుకోండి) ఊళ్ళో పాత కట్టడాలన్నీ మనకోసమే నిలబడి ఉన్నాయనిపించే వయసొకటుంటుంది. ఆ వయసులో నాకు మధురవాడలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. పాత భవనాలను అన్ని వైపుల నుంచీ వందలకొద్దీ ఫోటోలు తీసి, కంప్యూటర్లో కలిపి, త్రీడీ బొమ్మగా నిలబెట్టడం మా పని. దాన్ని ఫోటోగ్రామెట్రీ అంటారు. ఆ మాటకు నోరు తిరగడానికి వారం పట్టింది. తిరిగాక మాత్రం ఊరుకోలేదు, సీతమ్మధారలో పిన్ని ఇంట్లో కాఫీ తాగుతూ కూడా అదే మాట. స్టీలు ప్లాంటు ఉద్యోగానికని కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మా నాన్నతో "మిల్లీమీటరు తేడా రాదు నాన్నా" అనేవాణ్ణి. "కొలిచి చూశావా?" అనేవాడాయన. పాతకాలం మనిషి కదా అని నవ్వుకునేవాణ్ణి.

పూర్ణా మార్కెట్ దాటాక ఒక పాత బంగళా ఉండేది. దాని ముఖద్వారం కమానుతో సహా ముందుకు ఒరిగింది. "ఈ వానలకు అది నిలవదు. పడిపోతే మళ్ళీ కట్టడానికి మన బొమ్మే ఆధారం" అని మా సార్ నన్నూ బావనీ పంపాడు. (బావ ఆఫీసులో నా తోటివాడు, చుట్టరికమేమీ లేదు. ఈ ఊళ్ళో రెండుసార్లు కలిసి టీ తాగితే బావే.) మూడు రోజులు పావురాలను తిట్టుకుంటూ ఫోటోలు తీశాం. అయితే ఫోటోలకు ఆకారం తెలుస్తుంది గానీ సైజు తెలియదు. అందుకని గోడకు రెండు గుర్తులు అంటించి, వాటి మధ్య దూరం టేపుతో కొలిచి కంప్యూటర్‌కి చెప్పాలి. భవనం మొత్తం ఆ ఒక్క కొలత మీదే నిలబడుతుంది. అటు చివర బావ పట్టుకున్నాడు, ఇటు చివర నేను రెండు మీటర్ల పది సెంటీమీటర్లని చదివి రాసుకున్నాను.

బొమ్మ అద్భుతంగా వచ్చింది. గోడ మీద పాచి కూడా కనిపిస్తోంది. దాన్ని చూసి ముందుగానే టేకు ద్వారబంధం చేసిపెట్టమని సార్ ఒక వడ్రంగి మేస్త్రికి చెప్పాడు. మేస్త్రి బంగళా దగ్గరికొచ్చి, నా ల్యాప్‌టాప్ వైపు ఒకసారి చూసి, తన కొలకర్ర గుమ్మానికి ఆనించి, "బాబూ, నీ కంప్యూటర్లో గుమ్మం నాలుగంగుళాలు పెరిగిపోనాది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మీ కర్ర అరిగిపోయి ఉంటుంది మేస్త్రీ."

"కర్ర అరిగితే కొలత ఎక్కువ రావాల గానీ, తక్కువెలాగొత్తాది బాబూ?"

ఇద్దరం కలిసి కిటికీ కొలిచాం, మెట్టు కొలిచాం. బొమ్మలో అన్నీ ఒకే లెక్కన, ఇరవైకి ఒకటి చొప్పున పెరిగి ఉన్నాయి. అప్పుడు టీలు పట్టుకొచ్చిన బావ తాపీగా, "టేపు మొదట ముక్క ఎప్పుడో ఊడిపోనాది కదా. నాను పది కాడ్నుంచే పట్టుకుంతాను. పది తీసీసి రాసుకోవాల. నీకు తెల్దేటి?" అన్నాడు.

తెలియదు. రెండు మీటర్లను నేను రెండు మీటర్ల పది సెంటీమీటర్లుగా రాశాను. చూడ్డానికి బొమ్మలో వంక పెట్టడానికేమీ లేదు, మేస్త్రి ఎలాగూ తన కర్రనే నమ్ముతాడు, సార్‌కి చెప్పకుండా మర్నాడు అప్పజెప్పేయొచ్చు. (ఒక అరగంట అదే ఆలోచించాను, అబద్ధమెందుకు.) కానీ రేపు ఆ ద్వారం పడిపోతే, ఊరికి మిగిలేది నా తప్పుడు గుమ్మమే. సార్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. ఆయన, "కొత్త టేపు కొని సరిచెయ్యి. ఇంకో ఐదు చోట్ల కొలిచి, కలిసిందో లేదో చూసి ఇవ్వు" అన్నాడు. పొద్దుగూకేదాకా కొలిచాం. తేడా ఎక్కడా మూడు మిల్లీమీటర్లు దాటలేదు. ఆ మూడునీ దాచకుండా రిపోర్టులో రాసినప్పుడు, నిజంగా గర్వపడ్డాను.

ఆ వానలకే ముఖద్వారం కూలిపోయింది. మా బొమ్మను చూసే కమాను మళ్ళీ లేపారు. ద్వారబంధం ఎక్కించే రోజు మేస్త్రి మమ్మల్ని కబురుపెట్టి పిలిపించాడు. నలుగురు ఎత్తి నిలబెడితే సుత్తి దెబ్బ లేకుండా కూర్చుంది. మేస్త్రి అంచు వెంట వేలు జరిపి, "సరిగ్గా దిగిపోనాది బాబూ" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇప్పటికీ అటు వెళ్ళినప్పుడు ఆ గుమ్మం కింద కాసేపు నిలబడతాను. జనం వస్తుంటారు, పోతుంటారు. అది ఒకసారి నేలమట్టమై మళ్ళీ లేచిందని ఎవరికీ అనుమానం కూడా రాదు. అలా రాకపోవడమే మా పనితనం, నోరు మూసుకుని మురిసిపోవాలి. కానీ నా సంగతి మీకు తెలుసుగా, పక్కన నిలబడ్డవాడి భుజం తట్టి చెప్పేస్తాను.