కండక్టరమ్మ గొంతు

మా మేనత్త బస్సు కండక్టరు. మామయ్య అదే బస్సుకి డ్రైవరు. పెళ్ళికి ముందు చాలాకాలం వాళ్ళు ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకోనే లేదట. ఆయన చూపు దారి మీద, ఆమె చూపు జనం మీద. నిలబడ్డవాళ్ళ తలల మీదుగా ఆమె గొంతు ఒక్కటే ప్రయాణం చేసి ఆయన చెవికి చేరేది.

"నేను గొంతుని చేసుకున్నాను, ముఖం తర్వాత చూశాను" అనేవాడు మామయ్య.

"ఇప్పటికీ చూడలేదు, నమ్మకండి" అనేది అత్త.

ఆ గొంతు ఎలాంటిదో చెప్పాలి. వాన పడుతూ, అద్దాలన్నీ దించేసి, తడిబట్టల ఆవిరి లోపల కమ్ముకుని, ఒకరి మోచెయ్యి ఇంకొకరి డొక్కలో ఉన్నప్పుడు కూడా అది నీళ్ళలా జనం సందుల్లోంచి జారి ముందుకి వచ్చేది. "లోపలికి జరగండి, లోపలికి! గుమ్మం పట్టుకు వేలాడేవాడికి ఎవరూ పిల్లనివ్వరు!" అందరూ నవ్వేవారు, నవ్వుతూనే జరిగేవారు. నవ్వినప్పుడు మనిషి కొంచెం సన్నబడతాడని అత్త సిద్ధాంతం.

పార్కిన్సన్స్ జబ్బు అని తెలిసిన రోజు అందరం ఆమె చేతుల వంక చూశాం. వణుకు జబ్బు కదా, చేతులే పాడవుతాయనుకున్నాం. చేతులు కొంచెమే వణికాయి. జబ్బు వేరే చోట కాపురం పెట్టింది. ముందు పాదాల్లో. హాల్లో బాగానే నడిచే మనిషి గుమ్మం దగ్గరికి రాగానే ఆగిపోయేది. అవతల ఉండేది అదే గచ్చు, అదే వెలుతురు. అయినా పాదాలు ఒప్పుకునేవి కావు, ఎవరో కిందినుంచి పట్టుకున్నట్టు. ఆ తర్వాత గొంతులో. అది రోజురోజుకీ సన్నబడింది, చివరికి తలుపు కింది సందులోంచి వచ్చే వెలుగంత మిగిలింది. వింత ఏమిటంటే ఆ సంగతి ఆమెకి తెలియదు. తన గొంతు తనకి మునుపటిలాగే వినపడేది.

"ఇందాకటినుంచి అరుస్తున్నాను. నీకు చెవుడయ్యా డ్రైవరూ!"

"చెవుడే, ఒప్పుకుంటాను. నువ్వు అరవడం మాత్రం లేదు కండక్టరమ్మా."

ఇద్దరి మాటా నిజమే. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని మామయ్య చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. చెవి మిషను కొనిపెడితే అది ఈల వేస్తోందని జేబులో పడేసుకునేవాడు. "ఇంట్లో ఒక కండక్టరుంది చాలదా? చెవిలో ఇంకొకరెందుకు?"

ఒక ఉదయం అత్త స్నానాలగది గుమ్మంలో ఆగిపోయింది. పిలిచింది. మామయ్య గోడకి అవతలే పేపరు చదువుతున్నాడు. ఆయన పేజీ తిప్పిన చప్పుడు ఆమెకి వినపడింది, ఆమె పిలుపు ఆయనకి వినపడలేదు. నిలబడి నిలబడి కాళ్ళు సడలి పడిపోయింది. ఎముక విరగలేదు, కానీ తుంటి కమిలిపోయి మంచం దిగలేకపోయింది. అలా ఆమెను నర్సింగ్ హోంలో చేర్చాం.

అక్కడ కింది అంతస్తు కోలుకుని వెళ్ళేవాళ్ళది, పై అంతస్తు ఉండిపోయేవాళ్ళది. పైన కిటికీలు పెద్దవి, గాలి బాగా వస్తుంది. "పైన చాలా బాగుంటుందమ్మా" అని నర్సులు మెల్లగా, ముద్దుగా చెప్పేవారు. ఆ ముద్దుమాటలకే అత్తకి గుండె జారేది.

తుంటి నొప్పి తగ్గాక డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "అమ్మగారూ, ఇంట్లో ఉండేది మీరూ ఆయనా. మీరు గుమ్మం దాటగలగాలి. ఎప్పుడైనా ఆగిపోతే, మీరు పిలిచిన పిలుపు ఆయనకి వినపడాలి. ఈ రెండూ వస్తే ఇంటికి పంపిస్తాను. రాకపోతే పైకి."

"పైకంటే... ఎంత పైకి డాక్టరుగారూ?"

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఒక్క అంతస్తేనమ్మా."

"ఆయనకి మిషనుందిగా?"

"అది జేబులో ఉంటే జేబుకే వినపడుతుంది."

నడక నేర్పడానికి ఫిజియో అమ్మాయి వచ్చింది. ఆమె గుమ్మం దగ్గర నేల మీద పసుపురంగు టేపు ముక్కలు అడ్డంగా అంటించింది. కొందరికి ఆ గీతలు దాటాలన్న ధ్యాసలో కాలు లేస్తుందట. అత్తకి లేవలేదు. గీతల వంక మర్యాదగా చూస్తూ నిలబడిపోయింది. అమ్మాయి ఆమె కుడిమోకాలిని వేలితో తాకి, హుషారుగా అంది: "ఊఁ, రైట్!"

అత్త కదిలింది. టేపులన్నీ దాటి, గుమ్మం దాటి, వరండాలోకి వచ్చేసింది.

"లెఫ్ట్!" అంది అమ్మాయి, వెంట వస్తూ.

అత్త ఆగిపోయింది.

"అయ్యో, చక్కగా వస్తున్నారుగా! ఏమైందమ్మా?"

"నువ్వు లెఫ్టన్నావు."

"ఎడమకాలు వేయమన్నాను."

"కాలా? రైటన్నాక బండిని పోనివ్వాలే పిల్లా. మధ్యలో లెఫ్టేమిటి? ఎడంపక్కన గోడుంది, ఎక్కడికి పోను?"

ఫిజియో అమ్మాయికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "నేను కుడికాలన్నాను, ఆవిడ బండి కదలమన్నానని అనుకున్నారు" అని మామయ్యకి చెబుతూ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక ఆలోచనలో పడింది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి నోట లెఫ్ట్ అన్న మాట రాలేదు. చప్పట్లు కొడుతూ "రైట్... రైట్..." అనేది, అత్త ఆ చప్పుడు మీద అడుగులు వేసేది.

"ఈ జబ్బులో నడక తనంతట తాను మొదలవదమ్మా" అంటూ ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. "పెద్దదారి మూసుకుపోయినట్టు. కానీ ఏదైనా లయ వినిపిస్తే కాలు పక్కదారి పట్టుకుని వచ్చేస్తుంది. ఇక్కడ పిలవడానికి నేనున్నాను. ఇంట్లో మీరే పిలుచుకోవాలి."

"దానికేం భాగ్యం!" అని అత్త "రైట్" అంది. పక్కనే ఉన్న నాకు పెదవులు కదలడం కనిపించింది. కాళ్ళు కదల్లేదు.

"గట్టిగా అనండమ్మా."

"అరిచానే! ఇంకెంత గట్టిగా?"

అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసి వినిపించింది. అత్త తల వంచి విన్నది.

"ఎవరిదీ గొంతు?"

"మీదే."

 అత్త కొంగు అంచు వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది. "ఈ గొంతుతో పిలిస్తే పాపం ఆ మనిషి మాత్రం ఎలా వింటాడు?" అంది. మామయ్యని ఆమె అంత మెత్తగా తలుచుకోవడం నేను మొదటిసారి విన్నాను.

ఆనాటి నుంచి గొంతుకి కసరత్తు. ఊపిరి నిండా పీల్చి "ఆ" అని సాగదీయడం. "మీకు పోట్లాడుతున్నట్టు అనిపించాలి. అప్పుడు బయటికి మామూలు మాటలా వినపడుతుంది" అనేది ఫిజియో అమ్మాయి.

"సిగ్గేస్తోందే."

"బస్సులో సిగ్గేసిందా?"

"బస్సులో జనముండేవాళ్ళు."

అయితే సరే అని ఆ అమ్మాయి అత్తని పగటిపూట అందరూ కూర్చునే హాల్లోకి తీసుకెళ్ళింది. చక్రాల కుర్చీలు, ఊతకర్రలు, ఆరిపోయిన టీవీ. అత్త అందరినీ కలయజూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఎక్కినవాళ్ళెవరో, ఎక్కి దాక్కున్నవాళ్ళెవరో తేల్చుకునే చూపు.

"మార్కెట్టు! పాత వంతెన! రైల్వే స్టేషన్!"

మొదటి స్టాపు ఎవరికీ వినపడలేదు. రెండోది సగం మందికి వినపడింది. మూడోదానికి మూల కూర్చున్న లెక్కల మాస్టారు చెయ్యెత్తాడు. ఆయనదీ అదే జబ్బు.

"స్టేషన్‌కి ఒకటివ్వమ్మా."

"కూర్చున్నవాళ్ళకి ఇచ్చేది లేదు మాస్టారూ. లేచి ఇక్కడికి రండి. రైట్! రైట్!"

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. రెండడుగులు వేసి, తనే ఆశ్చర్యపోయి, మళ్ళీ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి హాల్లో ఆ వేళకి ఎవరూ కునుకు తీయలేదు.

డాక్టరు పరీక్ష పెట్టిన రోజు వచ్చింది. మామయ్యని పొడవాటి వరండా చివర, అటువైపు తిప్పి నిలబెట్టాడు. చెవి మిషను ఫిజియో అమ్మాయి గుప్పిట్లో ఉంది. అత్త గదిలోంచి బయలుదేరింది. చేతికర్ర ఊనుతూ గుమ్మం దాకా బాగానే వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

ఫిజియో అమ్మాయి పెదవులు బిగించుకుంది. సాయం చేయకూడదని షరతు. అత్త "రైట్" అంది. గాలి కూడా కదల్లేదు. వరండా చివర మామయ్య కిటికీలోంచి ఏదో చెట్టుని చూసుకుంటున్నాడు. డాక్టరు పెన్ను తీశాడు.

అది అత్త చూసింది. చెప్పినట్టే ఊపిరి పీల్చింది. భుజాలు లేచాయి, మెడ నిలబడింది. జబ్బు వల్ల ఇన్నాళ్ళుగా కదలిక లేని ముఖంలో కనుబొమలు ముడిపడ్డాయి.

"రై...ట్!"

ఆ కేక వరండా అంతా నడిచింది. ఎక్కడో ఒక ట్రే కిందపడింది. అత్త కుడిపాదం గుమ్మం దాటింది, ఎడమది దాని వెనక వచ్చింది, ఇంకేం, ఆమె వచ్చేస్తోంది. అమ్మాయి చప్పట్లు కొట్టబోయి ఆగింది, ఎందుకంటే అటు చివర మామయ్య కూడా బయలుదేరాడు. వెనక్కి చూడకుండా, ఎవరు పిలిచారని అడగకుండా, మెట్ల వైపు చకచకా నడిచిపోతున్నాడు.

"ఆయన్ని పట్టుకోండి!" అన్నాడు డాక్టరు.

"ఎవరూ పట్టుకోనక్కర్లేదు" అని మళ్ళీ ఊపిరి తీసింది అత్త. "హోల్డాన్!"

మామయ్య కుడిపాదం నేలని తొక్కిపట్టింది. ఆగాడు. తల తిప్పలేదు. బస్సులో లోపలి అద్దం ఉండే వైపు చూసే అలవాటు కొద్దీ కళ్ళు మాత్రం పైకి, ఎడమవైపుకి లేపాడు. అక్కడ సున్నం గోడ ఉంది.

"ఎవరెక్కాలి?" అని అడిగాడు ఆ గోడని.

"నేనేనయ్యా! కదిలావంటే చెబుతాను" అంటూ అత్త నడుస్తూనే ఉంది. దారిలో డాక్టరు అడ్డంగా నిలబడి కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు.

"ఆ రాతలు తర్వాత డాక్టరుగారూ. ముందు దారివ్వండి."

డాక్టరు గోడకి అతుక్కుని నిలబడ్డాడు.