కాక ఛాతీ మీద తన్ను

కరోనా వచ్చిన ఏడాది, నేత పనికి వలసొచ్చిన కోసాడ్‌లో ఒకటే గదిలో ఉండేవాళ్లం: అమ్మ, నాయిన, అన్న, నేను, నాయిన తమ్ముడైన మా కాక. అందరికీ కలిపి ఒకటే మంచి ఫోన్. నా డిగ్రీ క్లాసులు అందులోనే, అన్న సినిమా కూడా అందులోనే. లాక్‌డౌన్‌లో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, ఆగిపోయి పొద్దు పోక అన్న ఒక కథ అల్లాడు. ఒక అమ్మాయిని ముఠా ఎత్తుకుపోతుంది. ఆమె తప్పించుకుని, తిరిగొచ్చి, ఒక్కొక్కడి పని పడుతుంది. పైసా ఖర్చు లేని సినిమా కాబట్టి అమ్మాయిని నేనే. ముఠా మొత్తం మా కాకే. అందరికీ మాస్కులే కాబట్టి చొక్కా మారిస్తే మనిషి మారినట్టే. పసుపులో సున్నం కలిపిన నీళ్లే రక్తం.

కాక నేత పని చేసే షెడ్డులోనే షూటింగ్. షెడ్డు యజమాని సేఠ్ ఊరికి పోతూ తాళం కాకకే ఇచ్చాడు. ఎప్పుడూ మోగే ఆ సాంచాలు చప్పుడు లేకుండా ఉంటే నాకు ఊపిరాడేది కాదు. ఒకచోట నిలబడలేకపోయేదాన్ని. అన్న దాన్నే నటన అనుకుని మురిసిపోయేవాడు. క్లాసులు పోతున్నాయంటే ‘జర ఆగవే’ అనేవాడు. ఆ ‘జర’ వినీ వినీ ఒళ్లు మండేది.

చివరికి ఒక్క సీను మిగిలింది. తెల్లారి సాంచాలు నడపాలని సేఠ్ ఫోన్ చేశాడు కాబట్టి ఆ పూటే అయిపోవాలి. నేను ముఠా నాయకుణ్ని ఛాతీ మీద తన్ని పడగొట్టాలి. తన్నాను. కాక పడ్డాడు. వెంటనే వంగి, ఆయన భుజాన్ని తాకి, చేతిని కళ్లకు అద్దుకున్నాను. పెద్దవాళ్లకు కాలు తగిలితే ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పనే అది.

“పగ తీర్చుకునేటోళ్లు మొక్కుతరా?” అన్నాడు అన్న.

మళ్లీ తీశాం. మళ్లీ వంగాను. ఇంకోసారి కాలు గురి తప్పి పక్కనున్న సాంచెకు తగిలింది. దానికీ మొక్కాను. అన్న తల పట్టుకున్నాడు. కాకకు నవ్వాగలేదు. నాకేమో ఏడుపొచ్చింది. క్లాసుకు టైమవుతోంది, ఫోనేమో అన్న చేతిలో ఉంది.

“జర కోపం తెచ్చుకో బిడ్డా,” అంటూ కాక ఎదురుగా నిలబడ్డాడు. మాస్కు కిందికి లాగి, కథలో లేని మాటొకటి అన్నాడు. “రేపటి సంది నీ కాలేజి బందు. ఇంట్ల కూసొని చీరలకు స్టోన్లు అంటువెట్టుకో.”

తన్నాను. ఆయన వెల్లకిలా పడ్డాడు. నేను వంగలేదు.

“గిదే గావాలె,” అని అన్న సంబరపడ్డాడు. కాక మాత్రం లేవకుండా నా ముఖమే చూస్తున్నాడు.

“గది డైలాగు కాదు బిడ్డా,” అన్నాడు. “సాంచాలు మళ్ల ఆగితే నీ ఫీజు ఎట్ల కడ్తమని నిన్న మీ నాయిన, నేను అనుకున్నదే. ఎట్ల చెప్పాల్నో తెల్వక గిట్ల చెప్పిన.”

నేనూ ఉన్నది చెప్పేశాను.

“నేను తన్నింది గూడ సీను కోసం కాదు కాకా.”

అన్న చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఒక సాంచె పక్కన కూర్చుని క్లాసులోకి వెళ్లాను. అన్న ఏదో అనబోతే కాక చెయ్యెత్తి ఆపాడు. ఛాతీ రుద్దుకుంటూ ఆయన నేల మీదే కూర్చుండిపోయాడు. ఈసారి నాయినకు ఎట్లా చెప్పాలో ఆలోచిస్తున్నట్టున్నాడు.