నేను తోసిన బకెట్టు

ఆ రోజుల్లో సిద్దిపేటలో డిగ్రీ చదువుతున్న నాకు, భౌతికశాస్త్రాన్ని మోస్తున్న మహానుభావుల వరసలో తరవాతి కుర్చీ నాదేనని గట్టి నమ్మకం ఉండేది. అందుకు ఆధారం లేకపోలేదు. రెండో సంవత్సరంలో నన్ను కాలేజీ ఫిజిక్స్ క్లబ్‌కు ప్రెసిడెంటును చేశారు. (పోటీ చేసింది నేనొక్కణ్ణే. ఆ ముక్క ఇంట్లో చెప్పలేదు.) మొదటి వారంలోనే పేరూ పదవీ ఉన్న రబ్బరు స్టాంపు చేయించుకుని లైబ్రరీ కార్డు మీద కొట్టాను, పరీక్ష అట్ట మీద కొట్టాను, ఒక రోజు అరచేతి మీద కూడా కొట్టుకున్నాను. క్లబ్బులో పని మాత్రం మా జాయింట్ సెక్రటరీ చేసేది. దుబ్బాక నుంచి రోజూ బస్సులో వచ్చే నేతపనివాళ్ళ అమ్మాయి, నా క్లాసే. బ్యాగులో ఎప్పుడూ దర్జీ టేపు ఉండేది కాబట్టి అందరం ఆమెను ‘టేపు’ అనేవాళ్ళం. ఆమె కొలిచేది, కట్టేది, చివర్న గది ఊడ్చేది. నేను మైకు పట్టుకునేవాణ్ణి.

ఆ ఏడు కాలేజీ సైన్స్ ప్రదర్శనకు మా హెచ్ఓడీ ఒక ప్రయోగం చెప్పారు. పాఠం చెబుతూ ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూనే ఉంటారు కనుక ఆయన మాకు లోలకం సారు. హాలు పైకప్పు కొక్కేనికి తాడు కట్టి, ఇసుక నింపిన బకెట్టు వేలాడదీయాలి. ఒకడు ఆ బకెట్టును తన ముక్కుదాకా లాక్కుని వదిలేసి, కదలకుండా నిలబడాలి. అది అటు పోయి తిరిగొస్తుంది గానీ, వదిలిన చోటును దాటి రాదు. ముక్కుకు కొంచెం ముందే ఆగిపోతుంది. శక్తి నిత్యత్వానికి ఇంతకంటే మంచి నిదర్శనం లేదు. నిలబడేది ఎవరన్న చర్చే రాలేదు. ప్రెసిడెంటు ఉండగా ఇంకెవరు నిలబడతారు?

టేపు మూడుసార్లు కొలిచి తాడు కట్టింది. నాకు మాత్రం ఒకే మాట చెప్పింది.

“ఇడిసిపెట్టు, గంతే. తోయకు. తోస్తే గా బకెట్టు నీ ముక్కు మీదికే వస్తది.”

“నాకు తెల్వదా?” అన్నాను.

హాలు నిండిపోయింది. ఇస్త్రీ తెల్ల చొక్కా వేసుకుని, నా ప్రాణాన్ని శాస్త్రం చేతిలో పెడుతున్నానని నాలుగు నిమిషాలు మాట్లాడాను. బకెట్టును ముక్కుదాకా లాక్కున్నాను. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఊరికే వదిలేయడం నా స్థాయికి మరీ చప్పగా అనిపించింది. రెండు చేతులతో ఒక్క తోపు తోశాను. పోయేటప్పుడు బకెట్టు అందంగానే పోయింది. వచ్చేటప్పుడు మాత్రం నిమిషంలో వందోవంతులో సత్తు బకెట్టు కాస్తా గంగాళమంత కనిపించింది. ‘అమ్మో’ అని పక్కకు దూకాను. మైకులో ఆ కేక హాలంతా వినిపించింది. బకెట్టు నా వెనకనున్న ఉపన్యాసాల బల్లకు కొట్టుకుని, పక్కకు తిరిగి, ముందు వరసలోని ప్రిన్సిపాల్ గారి ఒళ్ళో సగం ఇసుక పోసి వెళ్ళింది.

ఆయన లేచి కనుబొమ్మలు దులుపుకుంటూ, “ఏందిది?” అన్నారు.

నేను క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇప్పుడు కాస్తయినా చెప్పుకోవడానికి ఉండేది. “తాడు ముడి జారింది సార్. కట్టింది ఈమె,” అని వేలు చూపించాను.

“చేతకాని పని ఎందుకు పెట్టుకుంటవమ్మా? ఎవలకన్న తలకాయ పగిల్తే ఎవలు జవాబు చెప్తరు?” అని ఆయన రెండు వందల మంది ముందు ఆమెను కోప్పడ్డారు. ఆమె టేపును వేలికి చుట్టుకుంటూ నా వైపు చూసింది. తరవాత వరండాలో, “నువ్వు తోసినవ్. నేను చూసిన,” అంది. “నువ్వు చెప్తే ఎవలు నమ్ముతరు?” అన్నాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు కూడా నా చెయ్యి సాగడం లేదు.

మర్నాటి నుంచి ఆమె కాలేజీకి రాలేదు. నాలుగు రోజులు చూశాను. క్లబ్బు రిజిస్టరు తెచ్చుకోవాలన్న సాకు పెట్టుకుని శనివారం దుబ్బాక బస్సెక్కాను. నా మూలంగా ఒక ఆడపిల్ల చదువు మానేసిందని దారి పొడుగునా కళ్ళు తుడుచుకున్నాను. తీరా వెళితే, వాళ్ళమ్మకు జ్వరమట. మగ్గానికి నూలు కండెలు చుట్టేవాళ్ళు లేక ఆమె ఇంట్లో ఆగిందట. (ఆమె కష్టంలో కూడా నాకు పెద్ద పీట నేనే వేసుకున్నాను.)

వాళ్ళ నాన్న మగ్గం మీద ఉన్నాడు. నేను ఎవరో తెలియగానే చెయ్యి ఆపాడు.

“కూసో బిడ్డా. ఆ తాడు నేనే పేనిచ్చిన. ముడి గూడ ఎట్లెయ్యాల్నో నేనే నేర్పిన. జారిందట గదా, మీ కాలేజీ పిల్లలు బస్సుల చెప్పిన్రు,” అన్నాడు తల వంచుకుని. “చిన్నప్పటి సంది దారంతోనే బతుకుతున్న. నా ముడి జారిందంటే నాకు అన్నం సయిస్తలేదు. మీ సారుకు చెప్పు, ఇంకోటి మంచిగ పేనిస్త.”

కూతురు లోపల చరఖా తిప్పుతూ ఉంది. నేను తోశానన్న సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదని అప్పుడర్థమైంది. చాప మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే, “ముడి జారలేదు కాకా. నేను తోసిన. అబద్ధం చెప్పిన,” అన్నాను. చరఖా చప్పుడు ఆగిపోయింది.

“జారలేదా?”

“జారలేదు.”

“తాడు తెగలేదు?”

“తెగలేదు కాకా.”

ఆయన తిట్టలేదు. నేత వైపు చూసి, “అయితే ముడి మంచిగనే ఉన్నదన్నట్టు,” అని మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. ఆ మొహంలో కనిపించిన నెమ్మది చూసి నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. ఆమె గుమ్మంలోకి వచ్చి రిజిస్టరు నా చేతిలో పెట్టింది. “మా బాపుకు చెప్పినవ్, మంచిది. గాడ కాలేజీల గూడ చెప్పు,” అంది.

సోమవారం లోలకం సారు నడుస్తూ ఉంటే ఆయన పక్కనే అటూ ఇటూ నడుస్తూ చెప్పాను. ఆయన ఆగారు. ఆయన ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

“ముడి జారితే బకెట్టు కిందికి దిగుతది గానీ ముక్కు మీదికి ఎట్లొస్తదిరా? ఆ పిల్ల తప్పేం లేదని ప్రిన్సిపాల్‌కు ఆ రోజే చెప్పిన. నీ సంగతే మిగిలింది. వస్తవేమోనని చూస్తున్న.”

క్లాసు ముందు కూడా చెప్పించారు. ఎంత వేగంతో తోశానో ఊహించి, నేను కదలకపోతే బకెట్టు నా మొహంలోకి ఎంత దూరం దిగేదో బోర్డు మీద లెక్క కట్టమన్నారు. కట్టాను. దవడ దాకా వచ్చింది. అందరూ నవ్వారు. వాళ్ళమ్మకు జ్వరం తగ్గి ఆ రోజే కాలేజీకొచ్చిన ఆమె కూడా వెనక బెంచీలో నవ్వింది. ఆ వారమే ప్రెసిడెంటు పదవి ఆమెకు ఇచ్చేశాను. మిగిలిన ఏడాదిన్నరా కుర్చీలు వేశాను, ఇసుక మోశాను.

తరవాతి సమావేశంలో కొత్త ప్రెసిడెంటు మొదటి ఆజ్ఞ, నేను మళ్ళీ అదే చోట నిలబడాలని. ఈసారి బకెట్టు ఆమె వదిలింది. అదే తెల్ల చొక్కాతో నిలబడ్డాను, కదల్లేదు. నా ముక్కుకు రెండు వేళ్ళ దూరంలో ఆగి వెనక్కి మళ్ళిందట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే, నేను కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడు చిన్నకోడూరు దగ్గర బడిలో ఇదే పాఠం చెప్పేటప్పుడు, కళ్ళు తెరిచి చూడండ్రా అని పిల్లలకు ధైర్యం నూరిపోస్తుంటాను. ఎప్పుడైనా మాట మధ్యలో ఆ తెల్ల చొక్కా కుర్రవాడు గుర్తొస్తే, వాడి మీద కోపం తెచ్చుకుందామని చూస్తాను. చెంపలు వేడెక్కుతాయి గానీ కోపం రాదు. మొహమంతా ముడుచుకుని, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని అలా నిలబడే ఉంటాడు పాపం.