హుక్ మీద మంచం

వర్జీనియా కొండల్లో ఒక క్యాంప్‌గ్రౌండ్. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని ఒక పెద్దాయన దగ్గరికొచ్చారు.

"అమ్మా, ట్రక్ నడపగలవా? పది అడుగులు ముందుకు తీస్తే చాలు."

ఆయన పికప్ ట్రక్‌కి ఇల్లంత ట్రైలర్ తగిలించి ఉంది; దాని ముందు గది ట్రక్ వెనక తొట్టి మీదికి వచ్చి, అక్కడి హుక్ మీద ఆని ఉంది. ట్రైలర్ చక్రాలకి అడ్డు పెట్టారు, దాన్ని నిలబెట్టే ముందు ఇనప కాళ్ళు నేలకి దించారు, కరెంటు వైరు పీకి, హుక్ లాక్ కూడా తీశారు. ఇక ట్రక్‌ని ముందుకు నడిపి విడదీయడమే మిగిలింది.

"మా ఆవిడ లోపల పడుకుంది. మంచం సరిగ్గా ఈ హుక్ మీదికే వస్తుంది. క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది, కుదుపు తట్టుకోలేదు. నేను పట్టుకుని కూర్చుంటాను."

"హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నారా అంకుల్?"

"అక్కడ ఇంక చేసేదేం లేదన్నారమ్మా. టెనెసీలో మా అమ్మాయి దగ్గరికి. ఈ రాత్రికి ఇక్కడ ఆగాం, ట్రక్ విడదీస్తే ఊళ్ళోకెళ్ళి మందులు తెస్తాను."

ఆయన లోపలికెళ్ళాక, బ్రేక్ మీంచి కాలు కొద్దికొద్దిగా తీశాను. ట్రక్ కదిలింది. హుక్ విడిపోతూ టక్‌మంది, ట్రైలర్ ఒక అంగుళం దిగింది. పైనుంచి ఆవిడ అరుపు వినిపించింది. తర్వాత చాలాసేపు మూలుగు.

ఆయన కిందికి రావడానికి పావుగంట పట్టింది.

"నిద్రలోనే ఉందమ్మా. అసలేమీ తెలియలేదు" అన్నారు.

ట్రక్ కిటికీ తెరిచే ఉందని ఆయన గమనించినట్టు లేదు.

"మంచిది అంకుల్" అని తాళాలు ఆయన చేతిలో పెట్టాను.