ఇంజన్ మీద కొట్టిన అమావాస్య టెంకాయ

రాయచూరు బస్టాండులో మధ్యాహ్నం రెండింటికి బస్సు ఎక్కాను. పడవ ఇంజన్ల గురించి లైబ్రరీలో ఉన్న రెండు పుస్తకాలూ చదివాను గానీ, కడుపులో ఇంజన్ ఉన్న పడవను దగ్గరగా ఎన్నడూ చూడలేదు. కృష్ణ మధ్యలోని దీవికి అలాంటిదొకటి తిరుగుతోందని మా దారాల దుకాణానికి వచ్చిన ఒకామె చెప్పింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. పడవకు ముప్పై రూపాయలు. పాత కారు పెట్రోలు ఇంజన్‌ను నడుమ చెక్కపెట్టెలో బిగించారు. రాత్రి గుడి సత్రంలో జొన్నరొట్టె, పుంటికూర పప్పు.

మర్నాడు అమావాస్య. పొద్దున రేవుకు వచ్చేసరికి పడవ నడిపే మల్లప్ప ఇంజన్‌కు కుంకుమ పెట్టి, దాని మీదే టెంకాయ కొడుతున్నాడు. పక్కన రెండు పాలక్యాన్లతో నింగమ్మ. నిన్న ఆమె పాలు విరిగాయి. ఇవాళా విరిగితే ఇక తీసుకోనని అవతలి ఒడ్డుకు వచ్చే పాలవ్యాన్ అతను చెప్పేశాడట.

మల్లప్ప తాళం తిప్పాడు. ఇంజన్ గిర్రున తిరిగింది గానీ అంటుకోలేదు.

“పెట్రోల్ల నీళ్లు కలిపిండ్రు. ట్యాంకు ఖాళీ చెయ్యాలె, పూట పడతది.”

“పూట పడితే నా పాలేం గావాలె?” అంది నింగమ్మ.

“ముందు నిప్పురవ్వ వస్తుందో లేదో చూద్దాం” అన్నాను.

“దారాలమ్మే అక్కకు ఇంజన్ గూడ తెలుసా?” అన్నాడు, నిన్న పడవలో నా దుకాణం సంగతి విన్న మల్లప్ప.

“చదివాను.”

“ఇగ మునిగినట్లే!” అంది నింగమ్మ.

పెట్టె మూత మళ్లీ తీయించి, పెట్రోలు వాసన పోయేదాకా ఆగమన్నాను. పడవ అడుగున ఆవిరి నిలిచి ఉంటే ఒక్క రవ్వకే మొత్తం అంటుకుంటుంది. నింగమ్మ క్యాన్లకు తడిగుడ్డ చుడుతూ ఎండనూ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఒక వైరుకు పాత ప్లగ్గు తగిలించి, ఇనుముకు ఆనించి తాళం తిప్పించాను. రవ్వ లేదు. అంటే తప్పు పెట్రోలుది కాదు. రవ్వను నాలుగు ప్లగ్గులకూ పంచే నల్లమూత విప్పితే లోపల టెంకాయ నీళ్లు, కుంకుమ బురద.

“దేవుని టెంకాయ ఇంజన్ని ఆపుతదా?” మల్లప్ప మొహం ముడుచుకున్నాడు.

“దేవుడు గాదురా, నీళ్లు!” నింగమ్మ రొట్టెల మూట విప్పి పొడిగుడ్డ నా చేతిలో పెట్టింది.

తుడిచి, ఎండలో ఆరబెట్టి బిగించాం. రెండో తిప్పుకు ఇంజన్ అందుకుంది.

అవతలి ఒడ్డున వ్యాన్ అతను క్యాన్ మూత తీసి వాసన చూశాడు. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. రెండు క్యాన్లూ లోపలికి ఎత్తాడు.

“అక్కా, ఆ పుస్తకంల బర్రెల సంగతి గిట్ల ఉందా?” అంది నింగమ్మ.

“అది వేరే పుస్తకం.”

పదింటి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దీవి ప్రశాంతంగా ఉంటుంది, చూడదగ్గది. సత్రంలో దుప్పటి ఇవ్వరు, తీసుకెళ్లండి. మల్లప్ప ఇకమీదట పడవ మూతి మీదే కొడతానన్నాడు. అయినా అమావాస్య నాడు వెళితే, టెంకాయ ఎక్కడ పగులుతోందో చూసుకుని పడవ ఎక్కండి.